లెక్కలో లేని లంక

నేను పనిచేసే ఆఫీసు రాజమండ్రిలో ఒక జెరాక్సు షాపు పైనున్న మేడ గది. ఐదుగురం కూర్చుంటాం. అక్కడ నేనేం చేస్తానో మా అక్కకి చాలాసార్లు వివరించాను గానీ, ఎవరైనా అడిగితే "మ్యాపులేస్తుంది" అని ఒక్క మాటలో తేల్చేసేది. నిజానికి అంతే. జనాభా లెక్కలప్పుడు ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాల్లోంచి మనుషుల పేర్లు తీసేసి, ఊరికి ఇంత అని మొత్తాలు కట్టి ప్రభుత్వం బయటపెడుతుంది. ఎన్ని ఇళ్ళు, ఎంతమంది మనుషులు, పెంకుటిళ్ళెన్ని, డాబాలెన్ని, ఎన్ని ఇళ్ళలో టీవీ ఉంది, ఎన్ని ఇళ్ళకి మోటారుసైకిలుంది. మేం ఆ అంకెలు తెచ్చి ఊళ్ళ సరిహద్దులున్న మ్యాపుకి అతికిస్తాం. జనం ఎక్కువున్న ఊరికి ముదురు రంగు, తక్కువున్న ఊరికి లేత రంగు, ఎవరూ లేని ఊరికి తెలుపు.

ఆ మ్యాపుల కోసం రకరకాల వ్యాపారస్తులు వస్తారు. మండపేటలో మోటారుసైకిళ్ళ షోరూం పెడితే చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళ నుంచి కొనేవాళ్ళు వస్తారని ఒకాయన అడుగుతాడు. పెద్దాపురంలో మందుల షాపు ఏ వార్డులో నడుస్తుందని ఇంకొకాయన. గోడల రంగులమ్మే కంపెనీకి డాబాలు కావాలి, విత్తనాల కంపెనీకి సొంత పొలమున్న రైతులు కావాలి. ఒక్క మనిషి పేరు కూడా తెలియకుండా ఒక ఊరి గురించి ఇంత చెప్పగలగడం నాకు గొప్పగా ఉండేది. గోదావరి జిల్లాలన్నీ నాకు తెలుసు అనుకునేదాన్ని.

మా దగ్గరున్న లెక్క మాత్రం పాతది. రెండువేల పదకొండులో రాసింది. దాని తరవాత రావాల్సింది కరోనాతో ఆగిపోయింది. అందుకని పాత అంకెని కొంత శాతం పెంచి, ఇప్పటి జనం ఇంత ఉండొచ్చని వేసేవాళ్ళం. వందున్నచోట నూట పది చెయ్యొచ్చు. సున్నాని ఎంత పెంచినా సున్నాయే. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి నేనే నవ్వుతూ చెప్పేదాన్ని.

సెల్ టవర్లు నిలబెట్టే కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. గోదావరి పాయల మధ్యా గట్ల వెంబడీ వాళ్ళకున్న టవర్ల జాబితా పంపారు. ఒక్కో టవరు చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసి, మరీ తక్కువున్న వాటిని వేరుగా గుర్తుపెట్టాలి. అలాంటివి ముందు తీసేస్తారు. ఆ పని రెండు వారాలు నేనే చేశాను. తీసెయ్యొచ్చు అనుకున్నవాటి పక్కన ఎర్ర చుక్కలు పెట్టాను. మా సారు చూసి, శుభ్రంగా ఉందమ్మా అని మెచ్చుకుని పంపించేశారు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. అక్క పదో తరగతితో బడి మానేసి నన్ను పెంచింది. తన తరవాతే నాకు లోకంలో ఎవరైనా. బావ గారిది గోదావరి మధ్య ఒక లంక. అరటితోటల్లో పని, రెండు గేదెలు. పిల్లల్లేరు. ఆదివారం పడవ దాటి, ఏటిగట్టు మీదున్న చర్చికి ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆరాధన అయ్యాక గట్టు మీద చెట్టు నీడన కూర్చుని నాకు ఫోన్ చేసేది. లంకలోనూ సిగ్నల్ ఉండేది, తోటల మధ్య టవరొకటి ఉండేది కాబట్టి. అయినా ఆదివారం ఫోను గట్టు మీంచే చెయ్యడం తనకి అలవాటు.

ఆ లంకకి అందరూ పిలిచే పేరొకటి, రెవెన్యూ కాయితాల్లో ఉన్న పేరు వేరొకటి. కాయితాల పేరు నాకెప్పుడూ తెలియదు. పెళ్ళి శుభలేఖ మీద కూడా పిలిచే పేరే వేయించారు.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసి, మనుషులొచ్చి టవరు విప్పుకుపోయారని చెప్పింది. ఇప్పుడిక ఇంట్లోంచి మాట్లాడ్డానికి కుదరదంది. ఏదో రిపేరు అయ్యుంటుంది, మళ్ళీ పెడతార్లే అన్నాను. నాకు తట్టలేదు. ఫోను పెట్టేశాక కూడా తట్టలేదు. మర్నాడు ఆఫీసులో వేరే పని మీద ఆ మ్యాపు తెరిచినప్పుడు, గట్టు మీది చర్చి ఉన్న ఊరు కనిపించింది. దాని ఎదురుగా పాయ. పాయ అవతల తెల్లగా ఒక ముక్క. ఆ ముక్క మీద నేను పెట్టిన ఎర్ర చుక్క.

పట్టిక తెరిచి చూశాను. నాకు తెలియని పేరు. ఇళ్ళు, సున్నా. మనుషులు, సున్నా. పక్కన ఇంగ్లీషులో, నివాసం లేని గ్రామం అని ఉంది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి అక్కడే నిలబడ్డాను.

ఎందుకు సున్నా అయిందో తరవాత బావ గారు చెప్పారు. ఆ లెక్క రాయడానికి ముందు వచ్చిన వరదలకి లంక సగం కోసుకుపోయింది. జనమంతా గట్టు మీద రేకుల షెడ్లలో మూడేళ్ళు ఉన్నారు. లెక్క రాసే మాస్టారు వాళ్ళని అక్కడే చూసి అక్కడే రాసుకున్నారు. ఆయన తప్పు లేదు, ఉన్నచోటే రాయాలి. తరవాత మిగిలిన మెరకలో మళ్ళీ ఇళ్ళు వేసుకుని అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. లెక్క మాత్రం గట్టు మీదే ఉండిపోయింది.

సారు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మంచివాడే. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. రిపోర్టు వెళ్ళిపోయిందని, సంతకాలైపోయాయని అన్నారు. "మనం లెక్క తయారుచెయ్యం కదమ్మా. ఉన్నది చూపిస్తాం," అన్నారు. నేను కదల్లేదు. కాసేపటికి ఆయనే, నువ్వెళ్ళి అక్కడ ఎంతమంది ఉన్నారో రాసుకురా, ఉత్తరం పెడదాం అన్నారు.

ఆ శనివారం లంకకి వెళ్ళాను. బావ గారు రేవు దగ్గర నిలబడి ఉన్నారు. నేను పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఆయన ముందు నడిచారు. ప్రతి గుమ్మం దగ్గరా నన్ను పరిచయం చెయ్యడం, మా మరదలు రాజమండ్రి ఆఫీసులో పెద్ద ఉద్యోగం అని చెప్పడం. ఇళ్ళు వస్తాయా అని ఒకరు, పింఛను వస్తుందా అని ఇంకొకరు. ఏమీ రాదు, టవరు కోసం అని చెబితే కొందరికి నిరుత్సాహం. పది రోజుల పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో నేను ఐదుగురని రాస్తే, ఆయన వంగి పుస్తకంలో చూసి, ఆరు వెయ్యమని దగ్గరుండి దిద్దించారు. మధ్యాహ్నం దాకా తిరిగాం. మూడొందల చిల్లర మనుషులయ్యారు.

చివరి ఇల్లయ్యాక అరటితోట గట్టున కూర్చున్నప్పుడు ఆయనకి చెప్పేశాను. ఆ చుక్క పెట్టింది నేనేనని. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"మీ అక్కకి చెప్పావా?" అన్నారు.

"లేదండి."

"చెప్పకు. నేను చెప్తాలే, టైము చూసి."

తరవాత లేచి, పద, అన్నం తిందాం అన్నారు. ఆ పూట అక్క చేపల పులుసు పెట్టింది. బావ గారు నా పళ్ళెంలోకి రెండోసారి పులుసు వేయించారు.

టవర్ల కంపెనీకి ఉత్తరం పంపాం. నా పుస్తకంలోని పేజీలన్నీ ఫొటోలు తీసి జతచేశాను. నెల దాటాక జవాబు వచ్చింది, నాలుగు లైన్లు. ప్రభుత్వం ప్రకటించిన లెక్క తప్ప వేరేది తీసుకోవడం కుదరదని, కొత్త జనాభా లెక్కలు వచ్చాక పరిశీలిస్తామని. మళ్ళీ రాశాను. దానికి జవాబు లేదు. ఫోన్లు చేశాను. ఒకరు ఇంకొకరి నంబరిచ్చారు, ఆ ఇంకొకరు మొదటివారి నంబరే ఇచ్చారు. కొన్నాళ్ళకి నా గొంతు వినగానే పెట్టేయడం మొదలుపెట్టారు.

వానాకాలం వచ్చింది. గోదారి ఎర్రబడింది. వరద అనేంత కాదు గానీ పాయ నిండుగా పారుతోంది. అలాంటప్పుడు పడవ అవతలి ఒడ్డునే కట్టి ఉంచుతారు, కావాలంటే పడవ అతనికి ఫోన్ చేస్తే వస్తాడు. టవరు పోయాక ఫోన్లు లేవు, గట్టు ఊరి టవరు సిగ్నల్ పాయ దాటి లంక దాకా రాదు. రేవులోకి వెళ్ళి తువ్వాలు ఊపాలి, కేకెయ్యాలి. అవతల ఎవరో ఒకరు చూస్తే పడవ అతనికి చెబుతారు.

ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం బావ గారు తోటలో ఎండాకులు లాగుతుంటే తాచుపాము చేతి మీద కరిచింది. పామును చూశారు కాబట్టి పరుగెత్తకుండా నడిచే ఇంటికి వచ్చారట. అక్కతో ముందు కంగారుపడకు అన్నారట. ఇద్దరు మనుషులు ఆయన్ని మంచం మీద రేవుకి మోశారు. అక్క ముందే పరుగెత్తి వెళ్ళి, చీర కొంగు విప్పి ఊపింది. అవతల గట్టు మీద బడి ఉంది, భోజనాల వేళ. పిల్లల గోలలో కేకలు ఎవరికీ వినపడలేదు. అక్క చేతిలో ఫోనుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకోవడం, తీసి చూడడం, మళ్ళీ పెట్టుకోవడం చేసిందని పక్కింటావిడ నాకు తరవాత చెప్పింది. ఒకతను ఈదుతానని దిగాడు, వడికి నిలవలేక వెనక్కొచ్చేశాడు. పడవ వచ్చేసరికి గంట దాటిపోయింది. అప్పటికే బావ గారి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయిపోయింది. గట్టు మీదికి చేర్చి ఆటో ఎక్కించారు. సిగ్నల్ వచ్చాక అక్క చేసిన మొదటి ఫోను నాకే. రాజమండ్రి హాస్పిటల్ వాళ్ళకి చెప్పి ఉంచు అంది. నేను ఆఫీసులోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తాను. హాస్పిటల్ గేటు దగ్గరే నిలబడ్డాను. మందు సిద్ధంగా ఉందన్నారు. ఆటో వచ్చింది. అక్క ఒళ్ళో ఆయన తల ఉంది. డాక్టరు గారు కళ్ళలోకి లైటు వేసి చూసి, ఎంతసేపయిందని అడిగారు. చెప్పాం. ఇంకో గంట ముందు వచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్ళం అన్నారు. బతికేవారని ఆయన అనలేదు. అనకపోయినా నేను ఆ మాటే విన్నాను.

లంకలో సమాధులు ఎప్పుడో ఏటి కోతలో పోయాయి. ఆయన్ని గట్టు అవతల చర్చి వాళ్ళ స్థలంలో సమాధి చేశాం. ఆదరణ కూటం ప్రార్థనలు అయ్యాక బంధువులు వెళ్ళిపోయారు. అక్క తెల్లచీరలో గేదెల పాక దగ్గర కూర్చుంది. ఇంకా దాచడం నా వల్ల కాలేదు. చెప్పాను. మ్యాపు, సున్నా, ఎర్ర చుక్క, ఉత్తరాలు, అన్నీ.

అక్క నా మొహం చూడలేదు. "ఆయనకి తెలుసా?" అంది.

"తెలుసక్కా. లెక్క రాసిన రోజే చెప్పాను. నీకు తనే చెప్తానన్నారు."

"ఆయన చెప్పలేదు. అన్నాళ్ళు నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారు. చెప్పలేదు. నీ మీద నాకు కోపం రాకూడదని."

నేను దగ్గరికి జరిగాను. చెయ్యి అడ్డుపెట్టింది.

"నువ్వు వెళ్ళు. పడవ పోతుంది."

తరవాత ఆదివారాలు ఫోను రాలేదు. నేను వెళ్తే మంచినీళ్ళిచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. కొన్నాళ్ళు నేనూ వెళ్ళడం తగ్గించాను. ఉద్యోగం మానేద్దామని రెండుసార్లు సారు దగ్గరికి వెళ్ళాను. మానేసి ఇంట్లో కూర్చుంటే ఆ తెల్లముక్క ఎవరు మారుస్తారని నాకు నేనే అనుకుని వెనక్కొచ్చేశాను. అది నిజమో, భయమో నాకు తెలియదు.

ఇంతలో కొత్త జనాభా లెక్కలు మొదలయ్యాయి. ఈసారి కాయితాలు కాదు, ఫోనులో యాప్. టీచర్లకి ట్రైనింగులు ఇచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. లంకకి ఎవరొస్తారో కనుక్కుందామని గట్టు మీది ఊరి బడికి వెళ్ళాను. అక్కడ లెక్క రాసే టీచరు గారు తన ఫోనులో మ్యాపు చూపించారు. ఆవిడకిచ్చిన హద్దు గట్టు దగ్గర ఆగిపోయింది. లంక అవతలి జిల్లాలోకి వస్తుందండి అన్నారు. జిల్లాలు విడదీసినప్పుడు గీత పాయ మధ్యలోంచి వెళ్ళింది. బస్సు మారి, ఇంకో బస్సు ఎక్కి అవతలి మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా రిజిస్టరు తీసి వేలితో వెతికాడు. ఆ ఊరుంది గానీ దానికి ఎవర్నీ వెయ్యలేదు మేడం, పాత లెక్కలో జనం లేరు కదా అన్నాడు. పాత లెక్కలో జనం లేరు కాబట్టి కొత్త లెక్క రాయడానికి మనిషి లేడు.

తరవాతి పది రోజుల్లో ఎన్నిసార్లు ఆ ఆఫీసుకీ, గట్టు వైపు మండలాఫీసుకీ మధ్య తిరిగానో. ఒకచోట లంచ్ టైము, ఒకచోట సారు మీటింగు. అర్జీ ఇచ్చాను, బావ గారితో తిరిగి రాసిన పుస్తకం చూపించాను. ఒకాయన ఎదుట ఏడ్చాను కూడా. ఆయన ఇబ్బందిపడి ఫ్యాను వేగం పెంచాడు. చివరికి లెక్క గడువు ఇంకా మూడు రోజులుందనగా, గట్టు వైపు ఆఫీసు వాళ్ళు ఒక మాటన్నారు. గట్టు మీది టీచరు గారు వెళ్ళి ఆ ఇళ్ళని తన ఇళ్ళతో కలిపి రాసేస్తారని. అంటే లంక జనం మళ్ళీ గట్టు ఊరి లెక్కలోకి వెళ్తారు. లంక పేరు మీద అంకె మారదు.

అది నాకు అర్థమైంది. అయినా సరేనన్నాను. అసలు రాయకపోవడం కన్నా నయమనిపించింది. ఇప్పటికీ అది సరైన నిర్ణయమో కాదో చెప్పలేను.

టీచరు గారికి యాభై దాటాయి, పడవంటే భయం. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని దాటారు. ఇళ్ళన్నీ తిరిగాం. తలుపుల మీద నంబర్లు వేశారు. అందరూ చెప్పారు. అక్క ఇంటి దగ్గరికి వచ్చేసరికి తను గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది.

"ఏ ఊరి పేరు మీద రాస్తున్నారండి?" అని అడిగింది.

టీచరు గారు నా వైపు చూశారు. నేనే చెప్పాల్సొచ్చింది. గట్టు ఊరి పేరు మీద, ఇప్పటికి ఇంతే కుదిరిందక్కా అన్నాను.

"అయితే నేను చెప్పను," అంది. గొంతు పెంచలేదు. "పోయినసారి కూడా గట్టు మీదే రాశారు. ఆయన ఈ ఊళ్ళో పుట్టారు, ఈ ఊళ్ళో కష్టపడ్డారు. మా ఊరు పేరు రాస్తే చెప్తాను, లేకపోతే నన్ను వదిలెయ్యండి."

టీచరు గారు ఎండలో నిలబడి, యాప్‌లో ఆ పేరు రాదమ్మా, నా చేతుల్లో లేదమ్మా అని బతిమాలుతున్నారు. చుట్టూ జనం చేరారు. నేను గుమ్మం ముందు కూర్చుండిపోయాను. అక్కా, నువ్వు చెప్పకపోతే నువ్వు ఎక్కడా ఉండవు, గట్టు మీద కూడా ఉండవు అన్నాను. తప్పంతా నాదే, నన్నేమన్నా పడతాను, నీ ఒక్క అంకె మాత్రం పోనివ్వకు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, గుర్తులేదు. ఆ క్షణంలో నేను లెక్క కోసం ఏడుస్తున్నానో, అక్క నాతో మాట్లాడాలని ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

చాలాసేపటికి అక్క గుమ్మంలోంచి పక్కకి జరిగింది. టీచరు గారిని లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఆవిడ ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టారు. గోడలు దేనితో కట్టారు, నీళ్ళెక్కడివి, వంట దేని మీద, ముఖ్యంగా తినేది బియ్యమేనా. అక్క చెబుతోంది.

"ఇంటి యజమాని పేరు చెప్పండమ్మా."

అక్క ముందు బావ గారి పేరు చెప్పబోయి ఆగింది. తరవాత తన పేరు చెప్పింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండి?"

"ఒక్కదాన్నే."

"ఇంటర్నెట్ వస్తుందా అండి?"

అక్క నన్ను చూసింది. బావ గారు పోయాక మొదటిసారి నేరుగా నా కళ్ళలోకి చూసింది. "రాదని రాయండి," అంది.

ఆ వివరాలు పైకి పంపడానికి లంకలో సిగ్నల్ లేదు కాబట్టి, టీచరు గారూ నేనూ మళ్ళీ పడవ దాటి గట్టెక్కాం. ఆవిడ ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఒక్కో ఇల్లే వెళ్తోంది. అన్నీ వెళ్ళాయమ్మా అని ఆవిడ చెప్పేదాకా పక్కనే ఉన్నాను.

ఆ లెక్కలు బయటికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. మా ఆఫీసుకి మాత్రం అప్పుడే ఫోన్లు వస్తున్నాయి, కొత్త అంకెలు రాగానే మాకు ముందు మ్యాపు కావాలని. ఇప్పుడు నేను ఏ ఊరు తెల్లగా కనిపించినా ఆ దగ్గర్లో ఎవరిదో ఒకరిది నంబరు సంపాదించి, అక్కడ మనుషులున్నారా అని అడుగుతున్నాను. పని ఆలస్యమవుతోందని సారు విసుక్కుంటారు, ఆపమని మాత్రం అనరు. ఇప్పటికి రెండు ఊళ్ళలో ఉన్నారని తేలింది. అక్కడ మనుషులున్నారని రిపోర్టు కింద ఒక వాక్యం రాస్తాను. అది ఎవరైనా చదువుతారో లేదో తెలియదు.

లంక పేరు మీదే లెక్క విడిగా చూపించాలని కలెక్టరు ఆఫీసులో అర్జీ ఇచ్చాను. రెండోసారి ఇచ్చాను. మూడోదానికి లంకలో వాళ్ళందరి సంతకాలూ, వేలిముద్రలూ తీసుకున్నాను. మొదటి సంతకం అక్కది. పోయిన ఆదివారం గట్టు మీంచి ఫోన్ చేసింది. ఏమన్నారని అడిగింది. ఇంకా ఏమీ అనలేదక్కా అన్నాను. ఊఁ అంది. తరవాత, పడవ కదులుతోంది, ఉంటానని పెట్టేసింది.